చుక్కల హాల్లో మూడో బెంచీ

ఆ యూనివర్సిటీ మానవశాస్త్ర విభాగంలో ఆమెకు ఒక పేరుండేది గాని దాన్ని హాజరు రిజిస్టరు తప్ప ఎవరూ వాడేవారు కాదు. అందరికీ ఆమె సర్దుబాటు మేడమ్. ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరి వియ్యపురాలు ఊళ్ళోకి దిగినా, ఎవరు సదస్సుకి వెళ్ళి అక్కడే ఇంకాస్త ఉండిపోయినా ఆ క్లాసు ఆమె తీసుకునేది. "మేడమ్, కాస్త సర్దుబాటు చేస్తారా" అని అడగడం పూర్తయ్యేలోపే డస్టరు అందుకునేది. ఏటికేడు కొత్తగా రాయించుకోవలసిన ఉద్యోగం. కాదనే అలవాటు అలాంటి ఉద్యోగాలతో పాటు ఇవ్వరు.

ఈ చదువులోకి ఆమె ముచ్చటపడి వచ్చిందేమీ లేదు. వయసులో ఉన్నప్పుడు, కాలేజీలో చేరే రోజున, ఎండలో నిలబడి నిలబడి కాళ్ళు పీకుతుంటే అన్నిటికంటే పొట్టిగా ఉన్న వరసలో నిలబడింది. అది మానవశాస్త్రం వరస. జీవితం మొత్తాన్ని కాళ్ళనొప్పులు తేల్చేశాయని ఆమె తరవాత నవ్వుతూ చెప్పేది. అయితే చేరాక మాత్రం ఆ చదువు ఆమెకు పిచ్చిగా నచ్చింది. మనుషుల్ని చూస్తూ ఊరికే కూర్చోవడం కూడా ఒక పనేనని, దానికి మార్కులు కూడా వేస్తారని తెలిసి ఆశ్చర్యపోయింది. వాళ్ళమ్మ అదే పని గుమ్మంలో కూర్చుని చేసినందుకు జీవితాంతం తిట్లు తింది.

ఇప్పుడు ఆమె పిల్లలకు చెప్పే పాఠం కూడా అదే: ఫీల్డ్‌వర్కులో ఎలా కూర్చోవాలి, ఎలా చూడాలి, ఎలా వినాలి. "కళ్ళు తెరుచుకుని కూర్చోవడం సగం పని. నోరు మూసుకుని కూర్చోవడం మిగతా సగం" అని ప్రతి ఏడాదీ మొదటి క్లాసులో చెప్పేది. పిల్లలు రాసుకునేవారు. ఆమె మాత్రం నిలబడి చెప్పేది. ఆమెను కూర్చుని ఉండగా చూసినవాళ్ళు ఆ విభాగంలో ఎవరూ లేరు.

ఇంట్లోనూ కూర్చునే వీలు తక్కువే. రెండు గదుల ఇల్లు. భర్త నీళ్ళ పంపుహౌసులో ఆపరేటరు. డ్యూటీలు మారుతూ ఉంటాయి. ఆయన వచ్చేసరికి ఈమె వెళ్ళేది, ఈమె వచ్చేసరికి ఆయన వెళ్ళేవాడు. మెట్ల దగ్గర ఎదురుపడి తాళంచెవి చేతులు మార్చుకునేవారు. వాళ్ళ కాపురంలో సగం మాటలు ఆ మెట్ల మీదే అయిపోయాయి. కూతురికి పబ్లిక్ పరీక్షలు. పైకి చదివితే గాని ఎక్కదు ఆ పిల్లకి. తెల్లారకముందే రసాయన శాస్త్రం గోడల్ని తాకుతూ ఉండేది. ఇక అత్తగారు పగలంతా హాయిగా పడుకుని, ఇల్లు సద్దుమణిగాక లేచి కూర్చునేది. ఆవిడకి ఆ వేళలోనే చిన్నప్పటి సంగతులన్నీ గుర్తొచ్చేవి. కోడలు వినకపోతే ఎవరు వింటారు? వినడం ఆమె వృత్తి కదా అని ఆవిడ వాదన.

"పరాయివాళ్ళ మాటలైతే పుస్తకాలేసుకుని మరీ వింటావు. నా దగ్గరికొచ్చేసరికి ఆవలింతలు" అనేది అత్తగారు.

"వింటున్నానండీ అత్తయ్యా."

"కళ్ళు మూసుకుని వింటావేంటమ్మా?"

ఆ కళ్ళు మూసుకోవడమే చివరికి ఆమె పరువు మీదికి వచ్చింది.

ఉద్యోగం కొనసాగాలంటే ఆమెలాంటి వాళ్ళు సొంతంగా ఒక పరిశీలన చేసి చూపించాలి. ఆమె ఊళ్ళోని పెద్ద కంటాసుపత్రిని ఎంచుకుంది. అక్కడ ఒక హాలుంది. డాక్టరు చూసేముందు కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేసి, కళ్ళు మూసుకుని అక్కడ కూర్చోమంటారు. వరసగా బెంచీలు, వాటి మీద వరసగా కళ్ళు మూసుకున్న మనుషులు. దాన్ని అందరూ చుక్కల హాలు అంటారు. చుక్కలు వేసే నర్సు చుక్కల సిస్టరు. పక్కన కూర్చున్నది ఎవరో తెలియకుండా, మొహం చూడకుండా మాట్లాడుకునే మనుషులు ఎదురెదురుగా చెప్పలేనివి చెప్పుకుంటారని ఆమెకు అనిపించింది. మంచి ఆలోచన. విభాగం హెడ్డుగారు కూడా మెచ్చుకుని అనుమతి ఉత్తరం మీద సంతకం పెట్టారు. ఆయన ఏ ఉత్తరం మీదైనా సంతకం పెట్టేవారు, చదవడం ఒక్కటే తక్కువ.

మొదటి కొన్ని బుధవారాలు ఆమె నిజంగానే పని చేసింది. మధ్యాహ్నం క్లాసులు అయ్యాక వెళ్ళి మూడో బెంచీ చివర కూర్చునేది. పక్కవాళ్ళకి ముందుగా ఫలానా పని మీద వచ్చానని చెప్పి, ఒప్పుకుంటేనే వినేది. హాల్లో ఏసీ ఎముకలు కొరికేస్తుంటే శాలువా తలమీదుగా కప్పుకునేది. వెలుతురు పడకుండా ఆసుపత్రివాళ్ళు అందరికీ ఇచ్చే నల్ల అట్టకళ్ళద్దాలు తనూ పెట్టుకుంది, అందరిలో ఒకతెగా ఉండాలని. ఒక బుధవారం ఆ అద్దాల వెనక కళ్ళు కాసేపు మూసుకుని చూద్దాం, వీళ్ళకి ఎలా ఉంటుందో తెలుస్తుంది కదా అనుకుంది. అది కూడా పద్ధతిలో భాగమే, పాల్గొని పరిశీలించడం అంటారు.

మెలకువ వచ్చేసరికి హాలు సగం ఖాళీ అయింది. మెడ పట్టేసింది. కానీ ఎన్నేళ్ళ తరవాతో ఒళ్ళు తేలిగ్గా ఉంది. ఇంత చల్లగా, ఇంత నిశ్శబ్దంగా, కళ్ళు మూసుకుని ఉండటమే మర్యాద అయిన చోటు లోకంలో ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఇక్కడ నిద్రపోతున్న మనిషికీ వైద్యం చేయించుకుంటున్న మనిషికీ తేడా ఎవరికీ తెలియదు.

ఆ తరవాతి బుధవారం ఆమె మళ్ళీ వెళ్ళింది. ఫీల్డ్‌వర్కుకే వెళ్ళానని తనకి తాను చెప్పుకుంది. మూడో వారం చెప్పుకోవడం కూడా మానేసింది. కూర్చోవడం, శాలువా లాక్కోవడం, అద్దాలు పెట్టుకోవడం, నిద్రలోకి జారుకోవడం. ఒకసారి చుక్కల సిస్టరు హడావిడిలో బెంచీ వెంబడి రెప్పలెత్తి చుక్కలేసుకుంటూ వచ్చి ఈమె కళ్ళలోనూ వేసేసింది. మంటకి ఉలిక్కిపడి లేచి, బుగ్గల మీద నీళ్ళు కారుతుంటే, నేను పేషెంటుని కానని చెప్పబోయి, మరి ఎవరివి అంటే ఏం చెప్పాలో తెలియక నోరు మూసుకుంది. ఆ సాయంత్రం ఎవరికో బదులుగా తీసుకోవలసిన క్లాసు కంటిపాపలు పెద్దవి చేసుకుని తీసుకుంది. బోర్డు మీద తను రాసింది తనకే కనపడలేదు. పిల్లలు మాత్రం మేడమ్ ఆ రోజు ఎంతో భావోద్వేగంతో చెప్పారని అనుకున్నారు. ఆ తరవాత సిస్టరుకి సంగతి తెలిసి, పడీపడీ నవ్వి, ఈ మనిషిని దాటుకుని వెళ్ళడం మొదలుపెట్టింది.

విభాగంలో శుక్రవారం మధ్యాహ్నాలు గుండ్రం జరిగేది. అంటే కుర్చీలన్నీ గుండ్రంగా వేసుకుని, ఎవరి పని వాళ్ళు సగంసగంగా ఉన్నా సరే తెచ్చి చదివితే, అందరూ కలిసి దాన్ని ముందుకు నడపాలి. చిన్నా పెద్దా లేదు. ఇక్కడ ఎవరూ నా అధ్యాయం అనకూడదు, మన అధ్యాయం అనాలి. గుండ్రానికి తల ఉండదనేవారు హెడ్డుగారు. నిజమే గాని, దిండు ఉన్న కుర్చీ ఒకటే ఉండేది, అది ఎటుంటే అటే తల. మొత్తం మీద ఒక కుర్చీ తక్కువ. ఆ తక్కువ కుర్చీ ఎప్పుడూ సర్దుబాటు మేడమ్‌ది. ఆమె కిటికీ దగ్గర నిలబడేది.

ఈ గుండ్రానికి ఒక కట్టుబాటు ఉంది. ఎవరి గురించి రాశారో వాళ్ళకి అది చదివి వినిపించాలి. వాళ్ళు సరే అంటేనే విభాగం వేసే పుస్తకంలోకి వెళ్తుంది. దీన్ని వినిపింపు అనేవారు. ఈ కట్టుబాటు పెట్టించింది సర్దుబాటు మేడమే. అప్పట్లో ఆమెకు ఇంకా ఓపిక ఉండేది.

ఆ ఏడాది ఇంకో కాలేజీ నుంచి ఒక అమ్మాయి వచ్చి చేరింది. ఏం చెప్పినా "ఎందుకు?" అని అడగడం వల్ల ఆ పిల్లకి ఎందుకమ్మాయి అని పేరు పడింది. పాఠాల భాగం పాత కాలేజీలోనే అయిపోయింది గనక మేడమ్ క్లాసులో ఎప్పుడూ కూర్చోలేదు. నడవాలో డస్టరుతో పరుగెత్తే ఒక మనిషిగానే ఆమెను చూసింది. ఎందుకమ్మాయి టర్మంతా పెట్టి ఒక అధ్యాయం రాసింది. అది ఆ పుస్తకంలోకి వెళ్తేనే ఆ టర్ము పాసైనట్టు, లేకపోతే మళ్ళీ మొదటికి. ఒక శుక్రవారం దాన్ని చదవడానికి లేచింది.

కంటాసుపత్రిలో ఒక హాలుంటుంది అని మొదలుపెట్టగానే కిటికీ దగ్గర మేడమ్ వీపు గోడకి అంటుకుంది. హెడ్డుగారు ఇద్దరికీ ఒకటే ఆసుపత్రికి సంతకం పెట్టారన్నమాట. ఎందుకమ్మాయి మందుల కౌంటరు పక్కన అద్దం వెనక కూర్చుని, ఎవరినీ పలకరించకుండా దూరం నుంచి చూసే పద్ధతిలో పని చేసింది. అధ్యాయమంతా ఒకే ఒక మనిషి గురించి. మూడో బెంచీ మీద, శాలువా కప్పుకుని, నల్ల అద్దాలతో, తోడు ఎవరూ లేకుండా ప్రతి బుధవారం వచ్చే ఒక స్త్రీ.

"ఆమెను ఏ డాక్టరూ పిలవడు," అని చదివింది ఎందుకమ్మాయి. "సిస్టరు ఆమెను చూసి తల తిప్పుకుని వెళ్ళిపోతుంది. ఆమె కళ్ళు మూసుకోవడం విశ్రాంతి కాదు. సాధన. రాబోయే చీకటిని ఆమె వారానికొకసారి వచ్చి అలవాటు చేసుకుంటోంది."

గుండ్రంలో ఎవరో చప్పుడు చేసి నిట్టూర్చారు.

అధ్యాయంలో ఒకచోట ఆ స్త్రీకి చుక్కలు వేసిన రోజు ఉంది. ఆమె బుగ్గల మీద కన్నీళ్ళు కారాయనీ, నోరు తెరిచి ఏదో చెప్పబోయి మింగేసిందనీ ఉంది. ఇంకోచోట ఆమె కుడిచెయ్యి గురించి ఉంది. కళ్ళు మూసుకున్నాక కాసేపటికి ఆ చెయ్యి ఒళ్ళో కదలడం మొదలుపెడుతుందట, అటూ ఇటూ, దేన్నో తుడుస్తున్నట్టు. కంటిముందున్న మసకని తుడుచుకుంటోంది అని ఎందుకమ్మాయి వివరణ. దీని మీద గుండ్రంలో చాలాసేపు చర్చ జరిగింది. హోటల్లో బల్లలు తుడిచే మనిషి అయ్యుంటుందన్నారు ఒకరు. బిడ్డ నుదురు నిమురుతోంది, ఆ బిడ్డ ఇప్పుడు లేదేమో అన్నారు ఇంకొకరు. హెడ్డుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, తన గతాన్ని చెరుపుకుంటోందని తేల్చారు.

మేడమ్ తన కుడిచేతి వంక చూసుకుంది. అందులో డస్టరుంది.

చెప్పేయాలి. అప్పుడే, అక్కడే చెప్పేయాలి. కానీ ఏమని? కళ్ళు తెరుచుకుని కూర్చోమని ఏడాదికేడాది పాఠం చెప్పే మనిషి, ఫీల్డ్‌వర్కు పేరు చెప్పి ఆసుపత్రిలో నిద్రపోతోందని? గుండ్రమంతా ఆ స్త్రీ కోసం కళ్ళు ఒత్తుకుంటుంటే, మీ చీకటీ లేదు, సాధనా లేదు, నాకు ఇంట్లో నిద్ర కుదరక అక్కడ పడుకుంటున్నాను అని చెప్పడానికి నోరెలా వస్తుంది? ఆమె డస్టరుని వీపు వెనక దాచుకుంది. హెడ్డుగారు మాత్రం ఆ స్త్రీని ఎలాగైనా వెతికి పట్టుకోవాలనీ, వినిపింపు చేయాలనీ, తను స్వయంగా పెద్ద డాక్టరుతో మాట్లాడి ఉచితంగా చూపిస్తాననీ మాటిచ్చారు.

ఆ తరవాతి బుధవారం ఆమె ఆసుపత్రికి వెళ్ళలేదు. ఆ పై వారమూ వెళ్ళలేదు. బస్సు ఆ స్టాపు దాటుతుంటే తల అటు తిప్పలేదు. నిద్ర లేక ఒళ్ళు తూలిపోతోంది. ఒకరోజు మెట్ల మీద భర్త తాళంచెవి ఇస్తే, దాన్ని పట్టుకుని "కాస్త సర్దుబాటు చేస్తాలెండి" అంది. ఆయన కాసేపు ఆమె మొహంలోకి చూశాడు. ఏమైనా అడుగుదామనుకున్నాడో ఏమో, బస్సు హారను వినిపించింది, దిగి వెళ్ళిపోయాడు.

ఎందుకమ్మాయి మాత్రం రోజూ ఆసుపత్రికి వెళ్ళింది. బుధవారాలే కాదు, వారంలో అన్ని రోజులూ వెళ్ళింది. మూడో బెంచీ మీద వేరే వాళ్ళెవరో కూర్చుని ఉండేవారు. సిస్టరుని అడిగితే నవ్వి, ఆ శాలువా మనిషి సంగతి ఆ మనిషినే అడగమంది. ఆఖరికి ఆ పిల్ల, ఫీల్డ్‌వర్కు బోధించేది ఈమే గనక, సలహా కోసం సరాసరి మేడమ్ గదికే వచ్చింది. గది అంటే స్టోరుగది, పాత కుర్చీల కాళ్ళ మధ్య ఒక బల్ల.

"మాయమైపోయిన మనిషిని ఎలా వెతకాలి మేడమ్?"

మేడమ్ బల్ల మీద కాగితాలు సర్దడం మొదలుపెట్టింది. ఒక్కోసారి వదిలేయడం కూడా పద్ధతిలో భాగమేనంది. కొందరు కనపడకుండా పోవడమే వాళ్ళ జవాబు అని, దాన్ని గౌరవించాలని, ఇంకా నాలుగు మాటలు చెప్పింది. ఒక్కటీ తప్పు కాదు. అన్నీ పాఠ్యపుస్తకంలో ఉన్నవే.

"చచ్చిపోయి ఉంటుందా మేడమ్?"

"లేదు. చచ్చిపోలేదు."

"మీకెలా తెలుసు?"

"చచ్చిపోయేవాళ్ళు అంత క్రమం తప్పకుండా రారు" అంది మేడమ్, తను ఏమంటోందో తనకే తెలియకుండా.

ఎందుకమ్మాయి నవ్వలేదు. బల్ల అంచు గోటితో గీకుతూ నిలబడింది. టర్ము పోతే పోయింది మేడమ్, అది కాదు, అంది. తను అద్దం వెనక నుంచి చూడటం ఆవిడకి తెలిసిపోయి ఉంటుందని, కూర్చోవడానికి ఆవిడకున్న ఆ ఒక్క చోటు కూడా తన వల్లే పోయిందని అనిపిస్తోందట. "లోకంలో ఎక్కడా కూర్చునే చోటు లేని మనిషిలా కూర్చునేదండీ ఆవిడ. అది అధ్యాయంలో రాయలేదు. రుజువు లేదని గుండ్రంలో అంటారని."

ఆ పిల్ల వెళ్ళిపోయాక కూడా మేడమ్ నిలబడే ఉంది. గదిలో కుర్చీలకేం తక్కువ లేదు, అన్నీ విరిగినవే గాని.

బుధవారం ఆమె శాలువా మడతపెట్టి సంచిలో పెట్టుకుంది. పూర్తి నిజం చెప్పేయాలని ఏమీ అనుకోలేదు. వయసొచ్చే కొద్దీ మనిషి నిజానికీ అబద్ధానికీ మధ్య ఒక సన్నని బెంచీ వెతుక్కుంటాడు. ఆమె ఆలోచన ఇది: శాలువా కప్పుకుని, అద్దాలు పెట్టుకుని కూర్చుంటుంది. ఆ పిల్ల వచ్చి వినిపింపు చేస్తుంది. నోరు విప్పకుండా తల ఊపి లేచి వచ్చేస్తుంది. అధ్యాయం పుస్తకంలోకి వెళ్తుంది, పిల్ల పాసవుతుంది, తన పరువు తన దగ్గరే ఉంటుంది. ఎంత కాదన్నా సర్దుబాటులో ఆమెను మించినవాళ్ళు లేరు.

మూడో బెంచీ చివర ఖాళీగానే ఉంది. ఆమె కూర్చుని రెండు నిమిషాలైనా కాలేదు, అద్దం వెనక నుంచి ఎందుకమ్మాయి పరుగున వచ్చేసింది. వచ్చి, దగ్గరకంటా రావడానికి భయపడి, కాస్త ఎడంగా కూర్చుంది. తను ఎవరో చెప్పింది, ఇన్నాళ్ళూ అడగకుండా చూసినందుకు క్షమించమంది, మీ గురించి రాసింది మీకు చదివి వినిపించవచ్చా అని అడిగింది. మేడమ్ తల ఊపింది. ఎందుకమ్మాయి కాగితాలు తీసి, చుట్టుపక్కలవాళ్ళకి వినపడకుండా మెల్లగా చదవడం మొదలుపెట్టింది.

మంచి గొంతు ఆ పిల్లది. ఎత్తుపల్లాలు లేకుండా, నీళ్ళు పారినట్టుగా సాగింది. ఏసీ చల్లగా ఉంది. శాలువా లోపల వెచ్చగా ఉంది. చాలాకాలం తరవాత ఎవరో తన గురించి మాట్లాడుతున్నారు, అదీ ఏమీ అడగకుండా. రాబోయే చీకటి దగ్గర వరకు మేడమ్ విన్నది. చుక్కలు వేసిన రోజు దగ్గర కూడా కొంత విన్నట్టే ఉంది.

మెలకువ వచ్చేసరికి చదువు ఆగిపోయి ఉంది. ఎందుకమ్మాయి కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, పక్కకి తిరిగి, మేడమ్ కుడిచేతి వంకే చూస్తోంది. ఆ చెయ్యి శాలువా బయట, మోకాలి మీద ఉంది. వేళ్ళ సందుల్లో, గోళ్ళ అంచుల్లో సుద్దపొడి. నల్లటి శాలువా మీద అది తుడిచిన మేరకు తెల్లటి చార.

బెంచీ మీద మిగతావాళ్ళు కళ్ళు మూసుకునే ఉన్నారు.

"డస్టరా మేడమ్?" అంది ఎందుకమ్మాయి.

"అవునమ్మా. నిద్రలో కూడా ఎవరిదో క్లాసు."

అద్దాలు తీసేసి మేడమ్ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తన పరిశీలన సంగతి, మొదటి నిద్ర సంగతి, తెలిసి తెలిసి వచ్చిన మిగతా బుధవారాల సంగతి, గుండ్రంలో నోరు మూసుకున్న సంగతి. చీకటి లేదంది. లేని బిడ్డా లేదంది, ఉన్న బిడ్డ రసాయన శాస్త్రం అరుస్తూ ఉంటుందంది. ఆ అధ్యాయం ఇప్పుడు పనికిరాదని తెలుసు గనక చివరికి వచ్చేసరికి ఆమె గొంతు బాగా తగ్గిపోయింది. ఎందుకమ్మాయికి కోపం వస్తుందనుకుంది. ఆ పిల్ల మాత్రం ఎప్పటిలాగే ప్రశ్న వేసింది. కాకపోతే ఈసారి ఎందుకు అని అడగలేదు.

"ఇంట్లో ఎవరికీ తెలీదా మేడమ్, మీకు నిద్ర లేదని?"

"అందరూ అలిసిపోయినవాళ్ళేనమ్మా. ఎవరికని చెప్పను?"

ఎందుకమ్మాయి కాగితాలు మడిచి, మళ్ళీ విప్పి, దీన్ని మొదటి నుంచి రాయాలంది. చీకటి తీసేసి నిద్ర పెట్టి రాయాలంది. అయితే రాయనా వద్దా చెప్పాల్సింది మీరే, కట్టుబాటు అదే కదా అంది. పేరెలాగూ ఉండదు. కానీ హెడ్డుగారు ఇప్పటికే పెద్ద డాక్టరుతో మాట్లాడి పెట్టారు, ఆయనకేం చెప్పాలో తెలియడం లేదంది.

మేడమ్ శాలువా మీది తెల్లచారని దులుపుకుంది. అది పోలేదు.

"రాయి. హెడ్డుగారికి నేను చెప్తాను. గురక సంగతి మాత్రం వద్దు."

"మీరు గురక పెట్టరు మేడమ్. నేను చూశాగా."

"మా అత్తగారు పెడతానంటుంది."

"ఇద్దరు రెండు మాటలు చెప్తే రెండూ రాయమని మీ పాఠంలోనే ఉందట కదండీ. సీనియర్లు చెప్పారు."

శుక్రవారం గుండ్రంలో ఎందుకమ్మాయి లేవకముందే మేడమ్ కిటికీ దగ్గర నుంచి మాట్లాడింది. ఎక్కువ చెప్పలేదు. ఆ మూడో బెంచీ మనిషి నేనే, కంటి జబ్బేం లేదు, నిద్రపోతున్నాను అంది. బల్లలు తుడిచే మనిషి అన్నాయన నేల చూశాడు. లేని బిడ్డను ఊహించినావిడ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుకో దేనికో. హెడ్డుగారు కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. ఎవరో ముందు ఒక్కరు నవ్వారు, తరవాత గుండ్రమంతా నవ్వింది. అందులో మేడమ్ కూడా ఉంది. ఆ నవ్వు ఆమె భయపడినంత ఘోరంగా లేదు, కోరుకున్నంత దయగానూ లేదు. ఆ రోజు నుంచి విభాగంలో ఎవరికి ఆవలింత వచ్చినా మూడో బెంచీ ఖాళీయేనా అని అడగడం మొదలైంది. సర్దుబాటు మేడమ్ అన్న పేరు మాత్రం పోలేదు.

నవ్వులయ్యాక పని మొదలైంది. ఇది ఇంకా గొప్ప అధ్యాయం అవుతుందన్నారు హెడ్డుగారు. చూసిన మనిషీ, చూడబడిన మనిషీ ఇద్దరూ కలిసి రాయాలన్నారు. ఎందుకమ్మాయి బయటి నుంచి కనపడింది రాస్తుంది, మేడమ్ లోపలి నుంచి రాయాలి. దాన్నే ఆమె సొంత పరిశీలనగా కూడా చూపించుకోవచ్చు. అందరూ ఒప్పుకున్నారు. నిద్ర లేదని చెప్పుకున్నందుకు చివరికి ఆమెకు దక్కింది నెలాఖరులోపు రాసివ్వాల్సిన ఇంకో పని. నిద్రపోయిన మనిషి లోపలి నుంచి ఏం రాస్తుంది అని ఎవరూ ఆలోచించలేదు. "కాస్త సర్దుబాటు చేస్తారా మేడమ్" అన్నారు హెడ్డుగారు. ఆమె సరేనంది. గుండ్రం అయిపోయి అందరూ తలుపు దగ్గర గుమిగూడినప్పుడు ఆయన వెనకబడి, దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, ఆ హాల్లో నిజంగానే అంత చల్లగా ఉంటుందా అని అడిగారు.

బుధవారం ఇద్దరూ కలిసే వెళ్ళారు. పని పంచుకోవాలంది ఎందుకమ్మాయి. మీరు పడుకోండి, నేను చూస్తాను, అంది. సిస్టరు వాళ్ళని చూసి చుక్కల సీసా ఎత్తి చూపించి బెదిరించి, దాటుకుని వెళ్ళింది. మేడమ్ శాలువా కప్పుకుని కళ్ళు మూసుకుంది.

నిద్ర రాలేదు. పక్కన ఒక మనిషి తన కోసమే మేలుకుని కూర్చోవడం ఆమెకు అలవాటు లేదు. కాలు కదిపితే ఆ పిల్ల కదులుతుంది. ఊపిరి గట్టిగా వదిలితే ఆ పిల్ల తల తిప్పుతుంది. అలా కళ్ళు మూసుకుని మేలుకుని ఉండగా, రెండో పక్కన కూర్చున్న ఇద్దరు ముసలాళ్ళ మాటలు వినపడ్డాయి. ఒకరికొకరు తెలియనివాళ్ళే. ఇద్దరి కళ్ళలోనూ చుక్కలు.

"డాక్టరుతో అబద్ధం చెప్పాను" అంటున్నాడు ఒకాయన. "గోడమీద అక్షరాలు చదవమంటారు చూడు, అవి బట్టీ పట్టేశాను. మా కోడల్ని పక్కన నిలబెట్టి చదివించుకున్నా. కనపడట్లేదంటే లారీ తాళాలు లాక్కుంటారు."

"మరి ఎలా నడుపుతావయ్యా?"

"ఆ రోడ్డు కూడా బట్టీయే."

రెండో ఆయన బెంచీ మీద పక్కకి జరిగాడు. తరవాత, "మన పక్కన ఎవరో ఉన్నట్టున్నారు" అన్నాడు.

"ఉన్నారు. పడుకున్నట్టుంది పాపం."

"అయితే మెల్లిగా మాట్లాడు."

వాళ్ళు గొంతులు తగ్గించారు. ఇన్ని బుధవారాలుగా తను వినడానికి వచ్చింది ఇదేనని మేడమ్‌కి అర్థమైంది. వాళ్ళు లేచేముందు తను ఎవరో చెప్పాలి, విన్నానని చెప్పాలి, అడగాలి. ఆ లారీ ఆయనతో మాట్లాడాలి, ఎవరి మీదికైనా ఎక్కించకముందే మాట్లాడాలి. కళ్ళు తెరవాలి. ఇంకొక్క క్షణం ఆగి తెరుద్దాం అనుకుంది.

ఎందుకమ్మాయి ఆమె కుడిచేతి వంక చూసింది. అది అప్పటిదాకా మోకాలి మీద కదలకుండా ఉంది. ఇప్పుడు మెల్లగా, అటూ ఇటూ, తుడవడం మొదలుపెట్టింది.